నీళ్ళు పోయని ఈలకూజా

కుందారపల్లి,
22-6-2025, ఆదివారం.

నా బాల్యమిత్రుడు చెన్నరాయప్పకు శ్రీరామప్ప నమస్కరించి, ఒకరి చేత రాయించకుండా తానే కూర్చుని రాసుకుంటున్న సంగతులు.

ఇక్కడ నేను, మీ వదిన దొడ్డమ్మ, ఆవులు, నా మోకాళ్ళ నొప్పులు అందరం క్షేమం. అక్కడ మత్తూరులో నువ్వూ, మీ అమ్మాయి భరణీ, అల్లుడూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. తలవడమే గానీ తెలుసుకునే దారి నువ్వు ఉంచలేదు. ఫోన్ చేస్తే భరణి ఎత్తి, ‘నాయిన పండుకొన్నాడు పెదనాయనా’ అంటుంది. పొద్దున చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. కొండల మీద ఎండలో తిరిగినన్నాళ్ళూ నువ్వు ఇంత నిద్రపోయిన వాడివి కావు. గొంతు ఆపరేషన్ తర్వాత మాట పోయింది కాబట్టి ఫోన్ నీకు పనికిరాదు, ఒప్పుకుంటాను. వీడియోలో ముఖమైనా చూపించమంటే చూపించవు. అందుకని కాగితం తెచ్చుకున్నాను. కళ్ళు బాగానే ఉన్నాయి కదా, చదువు. ఐదో తరగతి దాకా మనిద్దరికీ బెత్తంతో తెలుగు నేర్పిన అయ్యవారి పుణ్యం ఊరికే పోకూడదు.

ఈ ఏడు మామిడి బాగా కాసింది. బెంగుళూర కాయల లారీలు కృష్ణగిరి రోడ్డు పొడుగునా నిలబడ్డాయి. కొత్తగా నాటిన అంట్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఎందుకని ఇప్పుడే అడగకు.

అసలు విషయానికి వస్తాను. ఈ ఉత్తరం నా మనవరాలిని పొగడడానికి రాస్తున్నాను. రశ్మికి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. కాబట్టి ఎంత పొగిడినా ఆ పిల్ల తలకెక్కే ప్రమాదం లేదు. పొగిడిన తర్వాత నిన్ను ఒకటి అడుగుతాను. అడిగేది చిన్న విషయం కాదు, అందుకే ముందు కథంతా చెప్పాలి.

మా తిలక్ కూతురు బెంగుళూరు కాలేజీలో మట్టిపని చదువుకుంటున్నది నీకు తెలుసు. చేరిన రోజుల్లో ఊరంతా నన్ను ఆటపట్టించింది. ‘కుండలు చేసేదానికి కాలేజీ ఎందుకప్పా, కుమ్మరి కొండప్ప సామిలి కాడ కూర్చుంటే చాలదా’ అన్నారు. తిలక్ కూడా హోసూరు నుంచి వచ్చినప్పుడల్లా ముఖం మాడ్చుకునేవాడు. నువ్వు ఒక్కడివే, ‘ఆ పాపను ఏమీ అనొద్దండప్పా, నా మేకపిల్లలను ఎత్తుకొన్నప్పుడే చూసినాను, ఆ చేతులు దేన్నీ గట్టిగా పట్టవు, వదిలిపెట్టవు’ అన్నావు. ఆ మాట నేను మరిచిపోలేదు. రశ్మి అంతకంటే మరిచిపోలేదు.

ఈ ఏడు ఆమెకు చదువు ఆఖరి సంవత్సరం. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో దేశపు పాత మట్టిపనిని పట్టుకుని, దాని పద్ధతిలో ఒక వస్తువు తామే చేసి చూపించాలట. మన పిల్ల ఎక్కడెక్కడో తిరిగి దక్షిణ అమెరికా పట్టుకున్నది. కొలంబస్ ఓడలు ఆ వైపు పోకముందు అక్కడ ఉన్నవాళ్ళ పని. సెలవుల్లో వచ్చి మా వసారాలో కూర్చుని నాకూ, మీ వదినకూ ఫోన్‌లో బొమ్మలు చూపించింది.

మొదట బంగారం చూపించింది. నువ్వు చూసి ఉంటే నోరు తెరిచేవాడివి. గోరంత కప్పలు, రెక్కలు చాచిన పక్షులు, ముక్కుకు తగిలించుకుంటే పెదవులు మూసుకుపోయే బిళ్ళలు, చెవులకు అరచేయి వెడల్పు చక్రాలు. కొన్ని చోట్ల బంగారంలో రాగి బాగా కలిపి వస్తువు చేసి, కాల్చి, పుల్లటి ఆకు రసంలో కడిగేవాళ్ళట. కాల్చి కడిగిన కొద్దీ పైపైన ఉన్న రాగి పోయి, మేలిమి బంగారం పైకి తేలేదట. దొడ్డమ్మ అది విని, ‘అయితే ఆ దేశమోళ్ళకూ మన చింతపండు సంగతి తెలుసును’ అని, ఆ దేశాన్ని అప్పటికప్పుడే చుట్టరికంలో కలిపేసుకుంది.

అంత బంగారం ఏమైందని అడిగాను. స్పెయిన్ వాళ్ళు వచ్చి చాలామట్టుకు కరిగించి కడ్డీలు పోసుకుపోయారట. మట్టి కూజాలను కరిగించలేరు కాబట్టి అవి సమాధుల్లో చల్లగా పడుకుని మిగిలాయి. ‘బంగారం చేసినోళ్ళ మొగాలు ఎట్లుండేవో చెప్పింది మట్టే తాతా’ అన్నది రశ్మి. నిజంగానే ముఖాలు చూపించింది. కూజాకు కూజా ఒక మనిషి తల. ఒకడికి కన్ను లేదు, ఒకడు నవ్వుతున్నాడు, ఒకడు మన మునియప్ప పంచాయతీలో కూర్చున్నట్టు మూతి బిగించుకున్నాడు. రంగులు పూసేది కూడా మట్టితోనే. తెల్లమట్టి, ఎర్రమట్టి, పసుపు మట్టి నీళ్ళలో కలిపి, కాల్చకముందే పూసి, నున్నటి గులకరాయితో మెరుగు పెడతారు. మేకకూ ఒంటెకూ మధ్య ఉన్న జంతువులను వరసగా తోలుకుపోతున్న కాపరుల బొమ్మలు కూడా చూశాను. వాళ్ళ భుజాల మీద కంబళి లాంటిదే ఉంది. మీ చుట్టాలేనేమో.

ఆ తర్వాత ఈలకూజా చూపించింది.

చెన్నరాయప్పా, ఇక్కడ కాస్త నిదానంగా చదువు. రెండు కడుపులున్న కూజా అది. రెంటికీ మధ్య కింద ఒక గొట్టం. ఒక కడుపు మీద మూతి, రెండో దాని మీద ఒక పిట్టో మనిషో కూర్చుని ఉంటారు. ఆ బొమ్మ తలలో చిన్న మట్టి ఈల దాచిపెడతారు. సగం నీళ్ళు పోసి కూజాను వంచితే, నీళ్ళు ఒక కడుపు నుంచి రెండో దానికి పోతాయి. పోతూ పోతూ అక్కడున్న గాలిని తోస్తాయి. ఆ గాలి బొమ్మ తలలోంచి ఈల అయి బయటికి వస్తుంది. ఎవరూ నోరు పెట్టనక్కర్లేదు. ‘దీనికి ఊపిరి వద్దు తాతా, నీళ్ళే ఊపిరి’ అన్నది రశ్మి.

దొడ్డమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా ముగ్గురికీ నువ్వే గుర్తొచ్చావు.

ఆపరేషన్ అయి ఊరికి వచ్చిన తర్వాత నువ్వు మొదటిసారి మందను గుట్ట మీదికి తోలిన రోజున నేను తోటలో నీళ్ళు కడుతున్నాను. నువ్వు నన్ను చూడలేదు. పొద్దు వాలేటప్పుడు ఎప్పటిలాగే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నావు. ఒక పొడుగు, రెండు పొట్టి. ఆ ఈల మన చిన్నప్పటి నుంచి నా చెవుల్లో ఉన్నది. అది వినపడితే నీ మేకలే కాదు, మా ఇంట్లో దొడ్డమ్మ కూడా దీపం పెట్టే వేళయిందని లేచేది. ఆ రోజు నీ బుగ్గలు కదిలాయి గానీ గాలి నోటికి రాలేదు. మెడకు పెట్టిన రంధ్రంలోంచి బుస్సుమని పోయింది. నీ బొల్లిమేక తల తిప్పి నిన్ను చూసింది. నువ్వు ఇంకా పిలవలేదనుకుని మళ్ళీ మేతలో పడింది. మందంతా దాని వెనకే దిగువకు పోయింది. నువ్వు వేళ్ళు నోట్లోంచి తీయకుండా అలాగే నిలబడ్డావు.

ఆ వారమే సంతలో మందనంతా మేకల బేరగాడు మోహన్‌కుమార్‌కు అప్పజెప్పావు. ఎక్కడికి తోలుకుపోతావో నాకు చెప్పొద్దని సైగ చేశావట. జాలిపడి కొనేవాళ్ళు వద్దు, మన ఊళ్ళో ఎవరికీ ఇవ్వొద్దని పలక మీద రాసి మరీ చూపించావట. తర్వాత మత్తూరుకు పోయి గోడ వైపు తిరిగి పడుకున్నావు. అన్నం సగం కంచంలోనే వదిలేస్తున్నావని భరణి ఏడ్చింది. మా అందరి భయం నీ గొంతు గురించి కాదు, నీ గురించి.

సరే. రశ్మి మర్నాడే కృష్ణగిరికి పోయి, కొండప్ప కుండలు చేసే సామిలిలో ఒక మూల సంపాదించింది. కొండప్ప మొదట నవ్వాడు. ‘కుండకు చెవి పెట్టినాము, మూతి పెట్టినాము, గొంతు పెట్టమని అడిగింది నువ్వే కదమ్మా’ అన్నాడట. తర్వాత పని వదిలి ఆమె పక్కనే కూర్చునేవాడు. ఎందుకంటే ఆ గొంతు అంత సులువుగా కుదరలేదు. ఈల పచ్చిమట్టిగా ఉన్నప్పుడు ఒక రకంగా పలుకుతుంది. కాలిన తర్వాత మట్టి కుంచించుకుపోయి గొంతు సన్నబడుతుంది. కోడిపిల్లలా కీచుమన్నవి కొన్ని, పగిలినవి కొన్ని, అసలు పలకనివి కొన్ని. రశ్మి బడికి పోయే రోజుల్లో మేకపిల్లల వీడియో ఒకటి తీసింది. అందులో ఎక్కడో దూరంగా నీ ఈల ఉంది. అది పెట్టుకుని వినడం, ఈలగా పెట్టే బోలు మట్టిగోళీని కాస్త పెద్దది చేయడం, కాల్చడం, పారేయడం. నేను బస్సెక్కి అన్నం తీసుకుపోతే చేతులు కడుక్కోకుండానే తినేది. వద్దమ్మా చాలు అన్నాను. ‘సన్నగా పలికితే అది ఎవరిదో ఈల అవుతుంది తాతా, చెన్నరాయప్ప తాతది కాదు’ అన్నది.

ఆఖరికి చేసిందప్పా. ఇప్పుడు అది మా వసారాలో బల్ల మీద ఉంది, చూస్తూనే రాస్తున్నాను. ఒక కడుపు చుట్టూ తెల్లవీ నల్లవీ మేకల వరస, ముందు బొల్లిమేక. రెండో దాని మీద నువ్వు కూర్చుని ఉన్నావు. భుజాన కంబళి, తలకు గుడ్డ, నోట్లో రెండు వేళ్ళు. ముక్కు ఉన్నదానికంటే అందంగా చేసింది, అది ఆమె మర్యాద. చెవిపోగులకు బంగారం లేదని పసుపు మట్టి పూసి గులకరాయితో రుద్దింది. ఎండ పడితే మీ నాయన నీకు చేయించిన పోగులే అనిపిస్తాయి.

కాలేజీ వాళ్ళు పిల్లల పనులన్నీ హోసూరులో ఒక పెద్ద హాలు తీసుకుని పెట్టారు. నేను ఇస్త్రీ పంచె కట్టుకుని పోయాను. ఆ అమెరికా మట్టిపని గురించే జీవితమంతా చదువుకున్న పెద్దాయన ఒకరు నిర్ణేతగా వచ్చారు. అన్నిటికంటే ఎక్కువసేపు మన కూజా దగ్గరే నిలబడ్డారు. రంగులు చూశారు, గొట్టం చూశారు, వేళ్ళతో మెరుగు తడిమారు. ఇక నీళ్ళు పోసి వినిపించమ్మా అన్నారు.

రశ్మి పోయలేదు.

మీవాళ్ళ కట్టుబాటు నీకు నేను చెప్పాలా? కాపరి ఈల కాపరిదే. ఒకరి ఈల ఇంకొకరు వేస్తే పొయ్యి మీది కుండ ఎత్తుకుపోయినంత తప్పు. కొడుకైనా సరే, తండ్రి పిలిచి కర్ర చేతికిచ్చి, వేసుకో అంటేనే వేయాలి. చిన్నప్పుడు నేను సరదాకు నేర్చుకుంటానంటే మామిడి పూత రాలిపోయేదాకా నువ్వు నాతో మాట్లాడలేదు. ఇదంతా నేనే రశ్మికి చెప్పాను. ఆ పిల్ల అంతమంది ముందు చేతులు కట్టుకుని, ఈ కూజా నాది సార్, దీని ఈల మాత్రం మా ఊరి తాతది, ఆయన సరే అనకుండా నీళ్ళు పోయలేను అని చెప్పింది. మాట మార్చలేదు. ఆమె టీచరమ్మ పక్కకు పిలిచి, మార్కులు పోతాయని నచ్చజెప్పింది. పోతే పోనీండి మేడమ్ అన్నది.

పెద్దాయనకు కోపం రాలేదు. ఈల వినకుండా ఈలకూజాకు బహుమతి ఇవ్వలేనమ్మా అని ఉన్న మాటే అన్నారు. బహుమతి వేరే అబ్బాయికి పోయింది, మంచి పనే చేశాడు. కానీ అందరూ కాఫీకి వెళ్ళిన తర్వాత ఆ పెద్దాయన ఒక్కరే తిరిగి వచ్చి, నీ బొమ్మ దగ్గర వంగి కాసేపు చెవి పెట్టి నిలబడ్డారు.

తిలక్ అక్కడే ఉన్నాడు. కూతురికి బహుమతి రాలేదని వాడికి చిరాకు వస్తుందనుకున్నాను. తిరుగు బస్సులో కూజా పెట్టెను వాడే ఒళ్ళో పెట్టుకున్నాడు. శూలగిరి దాటాక, ‘నాయనా, ఇట్లాంటి బిడ్డను నేనే కన్నానా’ అన్నాడు. పంట పండిందనో, కేసు గెలిచామనో నేను గర్వపడిన రోజులు ఉన్నాయి. అవన్నీ ఈ ఓడిపోయిన రోజు ముందు ఎందుకూ చాలవు. మా ఇంటి పిల్ల నీ సొమ్మును నీకంటే ముందు ఎవరికీ చూపించలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. నీ ఈల వేయడానికి ఆ కూజాకు అనుమతి ఇవ్వు. రాతలో కాదు, నువ్వే వచ్చి ఇవ్వు. మొదటిసారి దాన్ని వంచేది నీ చెయ్యే కావాలని రశ్మి పంతం. మెల్లగా వంచితే పొడుగు, గబుక్కున అటూ ఇటూ అంటే రెండు పొట్టి. నీకు మాట లేదు, నోట్లో గాలి లేదు, అది నిజం. చేతులు ఉన్నాయి కదా. వచ్చే ఆదివారం భరణిని తీసుకుని రా. దొడ్డమ్మ రాగిసంగటి మెత్తగా కెలికి పెడుతుంది, మింగడానికి ఇబ్బంది ఉండదు. అనుమతి ఇవ్వను అంటే కూజాను పగలగొట్టి మట్టిలో కలిపేస్తానని రశ్మి నాతో అన్నది. ఆమె అన్నమాట తప్పే రకం కాదని ఈపాటికి నీకు అర్థమై ఉంటుంది.

నీ రాక కోసం రోడ్డు చూస్తూ, 
నీతో పాటు బెత్తం దెబ్బలు తిన్న
శ్రీరామప్ప

మరొక మాట: ఉత్తరం మడిచేశాక దొడ్డమ్మ అడ్డం పడింది. ‘అంతా చెప్పినావు, అసలుది దాచి పెట్టినావే’ అంటోంది. రాస్తాను.

అది నీ ఈలేనని మాకు ఎలా తెలుసని నువ్వు అడుగుతావు. హోసూరు పోవడానికి ముందు, కారుతుందేమో చూడాలని రశ్మి కూజాలో సగం నీళ్ళు పోసి రాత్రంతా వాకిట్లో పెట్టింది. పొద్దున్నే మసక చీకట్లో, నీళ్ళున్న మామూలు కుండే కదా అనుకుని, చెట్టుకు పోసేద్దామని ఎత్తి వంచాను. పొడుగ్గా మోగింది. హడలిపోయి వెనక్కి అన్నాను, ముందుకు అన్నాను. ఇంకో రెండు మోగాయి. నీ అనుమతి లేకుండా ఆ వరసలో అది పలికింది ఆ ఒక్కసారే. తప్పు నాది, పిల్లది కాదు.

తోటలోంచి కంచె విరిగిన చప్పుడు వినపడింది. ముందు బొల్లిమేక, వెనక మందంతా.

అవును, నీవే. ఊళ్ళో వాళ్ళకు ఇవ్వొద్దన్నాడని మోహన్‌కుమార్ ఎంత మొండికేసినా, నా తోట పొలిమేర అవతల ఉందని చెప్పి ఆ రోజే తోలుకొచ్చేశాను. నీకు చెబితే జాలి అనుకుంటావు. పిలవలేని మందను నీ ముందు నిలబెట్టడం ఇంకా పాపం. అందుకే నోరు మూసుకుని, అంట్లన్నీ మేతకు పెట్టి పెంచాను. నేను పిలిస్తే రావు, దొడ్డమ్మ పిలిస్తే రావు. ఇన్ని నెలల్లో అవి పరుగెత్తడం ఆ రోజే చూశాను. రశ్మి కూడా గడపలో నిలబడి చూసింది. అది నిజంగా నీ ఈలేనని తేలింది, అందుకే హోసూరులో నీళ్ళు పోయలేదు.

అవి కూజా చుట్టూ చేరి, నా ముఖం చూశాయి, రశ్మి ముఖం చూశాయి, తర్వాత నీ కోసం ఇల్లంతా తిరిగాయి. బొల్లిమేక ఆ రోజు నుంచి తోటలోకి పోవడం లేదు, వీధి గేటు దగ్గరే పడుకుంటోంది. ఆదివారం దాకా ఆగకు, రేపే బస్సెక్కు.